ప్రస్థానం పెట్టిన సంచీ

అచ్చాయమ్మ సంచీ సర్దుకుంటోంది. సత్యకుమారి గుమ్మం పట్టుకుని నిలబడి చూస్తోంది.

"నువ్వు చెయ్యి పెట్టకు అమ్మడూ. అక్కడే ఉండు," అంది అచ్చాయమ్మ వెనక్కి తిరక్కుండానే. "నా చీరలు నేను మడతపెట్టుకోలేనంత ముసలిదాన్నై పోలేదు."

"ఆ మోకాళ్ళతో కింద ఎందుకు కూర్చున్నావు అత్తా? మంచమ్మీద పెట్టి సర్దుకోవచ్చుగా."

"మంచమ్మీద సర్దితే ప్రయాణం పడుకుంటుందంటారు."

"ఎవరంటారు?"

"నేనంటాను. చాలదా?"

మామూలుగా అయితే సత్యకుమారి నవ్వేదే. ఆ రోజు నవ్వు రాలేదు. ఆవిడ చూపంతా సంచీ మీదే ఉంది. అది అచ్చాయమ్మ సంచీ కాదు. కొడుకు గణేష్‌బాబు భీమవరం హాస్టల్లో చదువుకునేటప్పుడు కొన్న పెద్ద రెక్సిన్ బ్యాగు. జిప్పు ఒక చివర పట్టదు, పిన్నీసు పెట్టుకోవాలి. అచ్చాయమ్మ ఎన్నేళ్ళ నుంచో ఏ ఊరు వెళ్ళినా ఒకటే గుడ్డసంచీ. అందులో రెండు చీరలు, తువ్వాలు, ఇత్తడి చెంబు. "చుట్టాలింటికి పెద్ద సంచీతో దిగితే ఇంటివాళ్ళ గుండె గుభేలుమంటుందే" అనేది. అలాంటి మనిషి మొన్న గణేష్‌బాబుని నిచ్చెన ఎక్కించి అటక మీద నుంచి ఈ బ్యాగు దింపించుకుంది. ఇప్పుడు గుండె గుభేలుమంటున్నది పంపించే ఇంట్లో.

అచ్చాయమ్మ సత్యకుమారికి మేనత్త. మొగుడు పోయి పుట్టిల్లు చేరిన ఏడాదే వదినగారు కూడా పోతే, ఆ పసిపిల్లని చంకనేసుకుంది. మళ్ళీ దింపలేదు. పిల్ల పెరిగి, జగన్నాథరావుని పెళ్ళాడి నరసాపురం కాపురానికొచ్చింది. తల్లి లేని పిల్ల కదా, పురుడు పోయడానికి అచ్చాయమ్మే ఇక్కడికి వచ్చింది. నెల్లాళ్ళుండి వెళ్ళిపోదామనే వచ్చింది. "గణేష్‌బాబుకి పెళ్ళి కూడా కుదిరింది. అత్తయ్యగారు ఇంకా పురుడు పోస్తూనే ఉన్నారు" అని జగన్నాథరావు వేళాకోళం చేస్తుంటాడు. ఆయన రైసుమిల్లులో గుమాస్తా. మాట విసురే గాని మనసు మంచిది.

ఇంటి ముందు వసారాలో, కిటికీ పక్కన అచ్చాయమ్మ పీట. ఆ పీట మీద కూర్చుని లేసు అల్లేది. నరసాపురంలో ఏ వీధికి వెళ్ళినా ఆడవాళ్ళ చేతుల్లో లేసు సూది ఉంటుంది. కొందరు పువ్వులు అల్లుతారు, కొందరు ఆ పువ్వుల్ని ఒకదానికొకటి కలిపి పెద్ద దుప్పటిలాగా చేస్తారు. దాన్ని అతుకు పని అంటారు. అచ్చాయమ్మది అతుకు పని. పది ఇళ్ళ ఆడవాళ్ళు పది రకాల బిగువుతో అల్లిన పువ్వులు ఆవిడ చేతిలో పడితే ఒక్క చెయ్యి అల్లినట్టు కుదురుకునేవి. పని అయ్యాక సూదిని పాత కళ్ళజోడు పెట్టెలో పెట్టి, కిటికీ పక్క గూట్లో ఉంచేది. ఊరెళ్ళినా ఆ పెట్టె గూట్లోనే ఉండేది. "సూది ఇంట్లో ఉంటే మనిషి తిరిగొస్తుంది" అని నవ్వేది.

ఆ రోజు సత్యకుమారి చూస్తుండగానే అచ్చాయమ్మ కొంగులోంచి కళ్ళజోడు పెట్టె తీసి, చీరల మధ్యన పెట్టి, పిన్నీసు గుచ్చేసింది.

సత్యకుమారి గుమ్మం వదిలేసి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

దానికి ముందు జరిగింది ఇది. మాఘమాసంలో కొత్త కోడలు వస్తుంది కాబట్టి వసారాకి గోడ పెట్టి గది చేద్దామన్నాడు జగన్నాథరావు. "అత్తయ్యగారూ, మీరు వంటింటి పక్క గదిలోకి మారాల్సొస్తుందేమోనండి" అన్నాడు, కాస్త మొహమాటపడుతూనే. ఆ గదిలో అప్పటిదాకా కొబ్బరికాయలూ, విరిగిన ఉయ్యాల బల్లా ఉండేవి.

"నాకెక్కడైతే ఏంటి బాబూ" అంది అచ్చాయమ్మ.

ఆ సాయంత్రం సత్యకుమారి వెళ్ళి చూస్తే ఆవిడ ఆ గది ఊడ్చి, కటికనేల మీద ఒక పక్కగా పడుకుని ఉంది. కాసేపటికి లేచి అవతలి గోడ పక్కన పడుకుంది. మళ్ళీ లేచి కూర్చుని పైకీ కిందకీ చూసింది.

"ఏంటత్తా?" అంటే, "ఏం లేదే, గాలి వస్తుందో లేదోనని" అంది.

మనసు కష్టపెట్టుకుంది, అందుకే నేల మీద పొర్లుతోంది అనుకుంది సత్యకుమారి. మర్నాడే ఉప్పాడ ప్రయాణం మాటెత్తింది అచ్చాయమ్మ. ఉప్పాడలో ఆవిడ చెల్లెలు బుల్లెమ్మ ఉంది. ఆ వేసవిలోనే బుల్లెమ్మ మొగుడు పోతే పదకొండో రోజుకి వెళ్ళొచ్చింది కూడా. గుడ్డసంచీతో వెళ్ళి మూడో నాటికి వచ్చేసింది. మళ్ళీ ఇంతలో ఏం పని? ఇంత పెద్ద సంచీ ఎందుకు? సూది ఎందుకు?

అడిగెయ్యొచ్చు కదా అంటారు. అడిగేదే. కాని ఆ ప్రయాణానికి ఒక చిక్కొచ్చింది.

పక్కింటి సూర్యరాజుగారికి రొయ్యల చెరువులున్నాయి. రొయ్యపిల్లల కోసం ఆయన వ్యాను ఉప్పాడ వైపు వెళ్తుంటుంది. డ్రైవరు పెదబాబు శుక్రవారం బయల్దేరుతున్నాడు. ముసలావిడ నాలుగు బస్సులు మారే పని లేకుండా తిన్నగా చెల్లెలింటి ముందే దింపుతాడు. కాని శుక్రవారం ఇంటి ఆడమనిషి గడప దాటకూడదు. అందుకని బుధవారం పొద్దున్న మంచి గడియ చూసి ప్రస్థానం పెట్టాలని అచ్చాయమ్మ నిర్ణయించింది. అంటే, బుధవారమే ప్రయాణం కట్టి సంచీ పట్టుకుని గుమ్మం దాటి, పొరుగింట్లో సంచీ పెట్టి రావడం. సంచీ వెళ్ళిందంటే మనిషి వెళ్ళినట్టే. శుక్రవారం మనిషి ఒట్టి చేతులతో నడిచి వెళ్ళి, అక్కడి నుంచి సంచీ తీసుకుని బండెక్కుతుంది. దోషం ఉండదు.

బుధవారం పొద్దున్న అదే చేసింది. శకునం కూడా ముందే ఏర్పాటు. సూర్యరాజుగారి భార్య అలివేలుమంగగారు నిండుబిందెతో వాళ్ళ గేటు దగ్గర కాచుకుని, అచ్చాయమ్మ గడప దాటగానే ఏమీ తెలియనట్టు ఎదురొచ్చారు.

"అబ్బ, ఎంత మంచి శకునమో!" అంది అచ్చాయమ్మ.

"మరే. అరగంట నుంచి మోస్తున్నానండి ఈ శకునాన్ని. చెయ్యి పీకేస్తోంది, తొందరగా రండి," అన్నారు అలివేలుమంగగారు.

అందరూ నవ్వారు. సత్యకుమారికి మాత్రం కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇంట్లో ఎవరు ఊరికి బయల్దేరినా అచ్చాయమ్మ వంటింట్లోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకునేది, మొగుడు పోయిన మనిషి ఎదురు పడకూడదని. ఎవరూ వెళ్ళమనలేదు, ఆవిడే వెళ్ళేది. బండి కదిలిన చప్పుడు విన్నాకే బయటికొచ్చేది. అందర్నీ తలుపు చాటు నుంచి సాగనంపిన మనిషి, ఇవాళ తనే బయల్దేరితే నడివీధిలో ఒక బిందె ఎదురొచ్చింది.

సంచీ అలివేలుమంగగారి లోపలి గదిలో పెట్టి, అచ్చాయమ్మ ఖాళీ చేతులతో ఇంటికొచ్చింది. అక్కడి నుంచే చిక్కు. ప్రయాణం కట్టిన మనిషిని వెనక నుంచి పిలవకూడదు. ఎక్కడికి, ఎందుకు, ఎప్పుడొస్తావు అని అడగకూడదు. అచ్చాయమ్మ పెట్టిన నియమమే అది. సత్యకుమారి చిన్నప్పుడు ఒకసారి తండ్రిని అలా పిలిస్తే ఆయన్ని వెనక్కి రప్పించి, కాళ్ళు కడిగించి, మంచినీళ్ళు తాగించి మళ్ళీ పంపించింది. ఇప్పుడు మనిషి ఇంట్లోనే ఉంది గాని, లెక్క ప్రకారం గడప దాటేసింది. శుక్రవారం బండి దగ్గర సంచీ చేతికిచ్చేటప్పుడు "తొందరగా వచ్చెయ్యి అత్తా" అనొచ్చులే, అప్పుడు మొహం చూస్తే తెలిసిపోతుందిలే అనుకుంది సత్యకుమారి.

ఆ రోజంతా ఇంట్లో అదో ఆట. రాత్రి అన్నాల దగ్గర జగన్నాథరావు, "ఇదేంటి, మూడు కంచాలు పెట్టావు? అత్తయ్యగారు ఊళ్ళో లేరుగా" అన్నాడు.

"లేనండి బాబూ. ఉప్పాడలో ఉన్నాను. అక్కడ చేపల కంపు. కాస్త మీ గోంగూర పచ్చడి పంపించండి," అంది అచ్చాయమ్మ కంచం ముందుకి జరుపుతూ.

గురువారం మధ్యాహ్నం భోంచేసి వసారాలో నడుం వాల్చింది. చేతిలో సూది లేదు కదా, ఊరికే వేళ్ళు ఆడిస్తూ పడుకుంది. సత్యకుమారి కాఫీ కలిపి తెచ్చి, "అత్తా" అని పిలిచింది. ఇంకోసారి పిలిచింది. తరవాత కాఫీ గ్లాసు నేల మీద పెట్టి ఆవిడ పక్కనే కూర్చుండిపోయింది.

ఏడవడానికి కూడా ఆలస్యంగా గుర్తొచ్చింది.

ఉప్పాడకి కబురు వెళ్ళింది. బుల్లెమ్మకి జ్వరమని, రాలేనని తిరుగు కబురొచ్చింది. పదకొండో రోజు అయింది. దండెం మీద మిగిలిన అచ్చాయమ్మ చీరలు చాకలి సుందరమ్మకిచ్చారు. గణేష్‌బాబు పెళ్ళి ఏడాది తిరిగాక చేద్దామని వాయిదా వేశారు, వసారా గోడ పనీ ఆగింది. ఆ వెంటనే పెద్ద గాలివాన వచ్చి కోనసీమంతా కొబ్బరిచెట్లు విరిచేసి పోయింది. వీళ్ళ వంటింటి పెంకులు లేచిపోయాయి. సూర్యరాజుగారి చెరువు గట్లు తెగాయి. వాళ్ళూ వీళ్ళూ ఇళ్ళు బాగు చేసుకునే హడావిడిలో ఉండగా, ఒక రోజు అలివేలుమంగగారు గోడ మీదుగా పిలిచారు.

"సత్యకుమారిగారూ! మీ అత్తగారి సంచీ మా ఇంట్లోనే ఉండిపోయిందండి. నీళ్ళొస్తాయేమోనని బియ్యం బస్తాల మీద పెట్టించాను. తడవలేదులెండి."

సత్యకుమారి చేతిలో చీపురు చేతిలోనే ఉండిపోయింది.

ప్రస్థానం పెట్టిన సంచీని మళ్ళీ ఇంటికి తేకూడదు. తెస్తే ప్రయాణం చెడినట్టు. అలాగని ఎక్కడికి పంపుతారు? పంతులుగారిని అడిగితే ఆయన చాలాసేపు ఆలోచించాడు. "మనిషి పోయి సంచీ ఉండిపోతే ఏం చెయ్యాలో నేనెక్కడా చదవలేదమ్మా. ఎవరికన్నా దానం ఇచ్చెయ్యండి," అన్నాడు. జగన్నాథరావు, "గోదాట్లో కలిపేద్దాం" అన్నాడు. సుందరమ్మ, "నాకియ్యండమ్మా, మా మనవడికి బడికి పనికొస్తుంది" అంది. సత్యకుమారి ఎవరికీ ఔననలేదు, కాదనలేదు. రెండుసార్లు అలివేలుమంగగారింటికి వెళ్ళింది. సంచీ ముందు కూర్చుంది. పిన్నీసు తీసింది. మళ్ళీ పెట్టేసింది.

"దేనికండీ అంత భయం? లోపల పామేమన్నా ఉందా?" అన్నారు అలివేలుమంగగారు.

"పామైతే కర్ర పుచ్చుకుని కొట్టొచ్చండి," అంది సత్యకుమారి. తరవాత మెల్లగా, "ఇన్నేళ్ళు పెంచింది కదండీ. గది మార్చుకోమన్నామని మనసు విరిగి, ఇంక రానని సర్దుకుందేమోనండి. నిండా బట్టలుంటే నేను తట్టుకోలేను. తెరవకపోతే ఏదో ఒకటి అనుకుని బతికెయ్యొచ్చు," అంది.

అలివేలుమంగగారు లోపలికి వెళ్ళారు. మజ్జిగ తెచ్చి ఇచ్చారు.

అలా ఎన్నాళ్ళు గడిచేవో గాని, మాఘమాసంలో సూర్యరాజుగారు కాపురం భీమవరం మార్చారు. పిల్లల చదువుల కోసం. చెరువులు ఇక్కడే, కాపురం అక్కడ. ఇల్లు అద్దెకిచ్చేస్తున్నారు. "సోమవారానికి సామానంతా ఎత్తేస్తామండి. ఆ సంచీ సంగతి మీరేదన్నా ఒకటి చెప్పాలి," అన్నారు అలివేలుమంగగారు. "అదే సోమవారం మా పెదబాబు రొయ్యపిల్లల కోసం ఉప్పాడ వెళ్తున్నాడు. ఆ మాట మీ చెవిన వేస్తున్నాను, అంతే."

ఆ రాత్రి సత్యకుమారి మొగుడితో చెప్పింది. "నేను ఉప్పాడ వెళ్తానండి."

"సంచీని దింపి రావడానికి ఒక మనిషా? పెదబాబు చేతికిస్తే పడేస్తాడు."

"సంచీ బయల్దేరిందండి. చేరాలి కదా. ఎవరో ఒకరు దాంతో ఉండాలి."

జగన్నాథరావు ఆవిడ మొహంలోకి చూసి, వేళాకోళం చెయ్యబోయి మానేశాడు. "మఫ్లరు పట్టుకెళ్ళు. వ్యాన్లో గాలి కొడుతుంది," అన్నాడు.

సోమవారం తెల్లారుతూనే సత్యకుమారి ఒట్టి చేతులతో గుమ్మం దాటింది. సామాను కట్టలతో నిండిన ఆ ఇంట్లోంచి సంచీ తీసుకుని, వెనక్కి తిరిగి తన ఇంటి వంక చూడకుండా వ్యానెక్కింది. అలివేలుమంగగారు అంత హడావిడిలోనూ బిందె పట్టుకుని ఎదురొచ్చారు. ఈసారి ఇద్దరూ నవ్వలేదు. ఇన్నేళ్ళ పొరుగు, సాయంత్రం తిరిగొచ్చేసరికి ఆ ఇంటికి తాళం ఉంటుంది. "వెళ్ళొస్తానండి" అంటే "మేమూ వెళ్ళొస్తామండి" అన్నారావిడ.

పాలకొల్లు దాటాక పెదబాబు మాట్లాడ్డం మొదలుపెట్టాడు. చెరువులకి వైరస్ అన్నాడు, తుఫానన్నాడు, మంచి రొయ్యపిల్ల దొరకట్లేదన్నాడు. సత్యకుమారి ఊఁ కొడుతోంది గాని సంచీ ఒడిలో పెట్టుకుని దాని బరువు చూస్తోంది. అంత పెద్ద సంచీకి ఉండాల్సినంత బరువు లేదు. అది మంచికో చెడుకో తెలియలేదు. సిద్ధాంతం వంతెన మీద పెదబాబు బండి నెమ్మది చేశాడు. సత్యకుమారి గోదారిలో ఒక రూపాయి వేసింది. అచ్చాయమ్మ పేరు చెప్పి ఇంకొకటి వేసింది.

కాకినాడ దాటాక సముద్రం రోడ్డు పక్కకే వచ్చేసింది. బుల్లెమ్మ ఇంటికి సత్యకుమారి చిన్నప్పుడెప్పుడో వచ్చింది. ముందు కొబ్బరితోట, దాని అవతల ఇసుక, ఆ తరవాత ఎక్కడో సముద్రం. ఇప్పుడు ఆ తోట లేదు. తోట చివర ఉండే నుయ్యి ఒడ్డున, అలల మధ్య, విరిగిన గాజులా నిలబడి ఉంది. ఇల్లు సగం అటు పోయింది. బుల్లెమ్మ రోడ్డుకి ఇవతల లోవరాజు అనే నేతగాడి ఇంటి వెనక వసారాలో ఉంటోంది. ముందు గదిలో మగ్గం టకటకలాడుతుంటే, వెనక సముద్రం హోరు.

బుల్లెమ్మ అచ్చం అక్కలాగే ఉంది. అదే ముక్కు, అదే నడుం వంపు. సత్యకుమారిని చూసి గుర్తుపట్టలేదు. చేతిలో సంచీ చూసి లేచి నిలబడింది.

"ఎవరమ్మా?"

"నేను చిన్నత్తా. సత్యకుమారిని. మీ అన్నయ్య కూతుర్ని."

"అమ్మడివా!" అంది బుల్లెమ్మ. ఆ పిలుపు ఆ గొంతుతో వినేసరికి సత్యకుమారి సంచీ కింద పెట్టేసి ఆవిడ భుజం మీద తల పెట్టుకుంది.  లోవరాజు మగ్గం ఆపి వచ్చి చూసి, మళ్ళీ వెళ్ళి మగ్గం మీద కూర్చున్నాడు గాని, చప్పుడు చెయ్యలేదు.

"ఇది పెద్దత్త సంచీ," అంది సత్యకుమారి మొహం తుడుచుకుని. "ప్రస్థానం పెట్టింది. మర్నాడే పోయింది. నేను తెరవలేదు. నువ్వే తెరువు చిన్నత్తా. నాకు ధైర్యం లేదు."

బుల్లెమ్మ సంచీని దగ్గరికి లాక్కుంది. పిన్నీసు తీయడానికి సేపు పట్టింది. పైన రెండు తెల్లచీరలు. తువ్వాలు. ఇత్తడి చెంబు. కళ్ళజోడు పెట్టె, దాన్లో సూది. బుల్లెమ్మ ఇంకా లోపలికి చెయ్యి పోనిచ్చింది.  అడుగున ఇంకొకటే ఉంది. నాలుగు మడతలు పెట్టిన గుడ్డ. విప్పి చూస్తే అచ్చాయమ్మ పాత గుడ్డసంచీ. ఖాళీది. అంతే. మిగతా సంచీ అంతా ఒట్టి గాలి.

"ఇదేంటి చిన్నత్తా? సంచీలో సంచీ ఎందుకు?"

"పెద్దది నాకు. చిన్నది అక్కకి," అంది బుల్లెమ్మ. అది అందరికీ తెలిసిన సంగతే అన్నట్టు చెప్పింది. "నా సామాను వేసుకోవడానికి పెద్దది తెస్తానంది. తను తిరిగెళ్ళేటప్పుడు తన చీరలు గుడ్డసంచీలో పెట్టుకుంటానంది. ఎప్పుడూ అదేగా తనకి."

"నీ సామాను ఎక్కడికి?"

బుల్లెమ్మ తల వంచుకుంది. "నీకు చెప్పలేదన్నమాట."

అప్పుడు మెల్లగా చెప్పింది. వేసవిలో అచ్చాయమ్మ వచ్చినప్పుడు ఆ సగం ఇల్లు చూసిందట. అలలు గోడకి కొడుతుంటే రాత్రంతా కూర్చునే ఉందట. పొద్దున్నే, "మా అమ్మడింట్లో చోటు చూసి వచ్చి నిన్ను తీసుకెళ్తానే" అందట.

గుమ్మం దగ్గర నిలబడ్డ పెదబాబు నాలిక్కరుచుకున్నాడు. "ఆయ్! దసరాల్లో ఆ కబురు నేనే తెచ్చానండి. 'చోటు కుదిరింది, సామాను సర్దుకో' అని చెప్పమన్నారు. ఎక్కడో స్థలం కొంటున్నారనుకున్నానండి నేను!"

సత్యకుమారికి వంటింటి పక్క గది కళ్ళ ముందుకొచ్చింది. నేల మీద ఈ గోడ పక్కన ఒకసారి, ఆ గోడ పక్కన ఒకసారి పడుకుని చూసిన మనిషి. గాలి వస్తుందో లేదోనని కాదు. ఇద్దరికి పడుతుందో లేదోనని.

"నాతో ఒక్క మాట అనలేదే," అంది. 

"నేనూ అదే అడిగానమ్మా. అమ్మడికి చెప్పావా అక్కా అన్నాను. 'చెప్తే అది వద్దనదు. మొగుణ్ణి అడగాలి. అతనూ కాదనడు. కాని దానిచేత అడిగించినట్టవుతుంది. గుమ్మంలోకి తీసుకొచ్చి నిలబెడితే ఎవరూ ఎవర్నీ అడగక్కర్లేదు. నేను అలాగే వచ్చాను, నన్ను పొమ్మన్నారా?' అంది."

"మరి సూదో? సూదెందుకు తెచ్చింది?"

బుల్లెమ్మకి ఆ ఏడుపులోనే నవ్వొచ్చింది. "పెళ్ళయ్యాక నేను సూది పట్టలేదు. అక్కడికొచ్చి ఊరికే కూర్చుని తినలేనే అన్నాను. 'నా సూది తెస్తా. నేనొచ్చి ఇక్కడుండే రెండ్రోజుల్లో చెయ్యి తిప్పుకో. ఇంటికెళ్ళాక నువ్వు పువ్వులల్లు, నేను అతుకుతాను' అంది."

సత్యకుమారి అప్పుడు చూసింది. వసారా మూలన మూడు మూటలు, తాడు కట్టి ఉన్నాయి. తాడు మీద దుమ్ము. పక్కన గిన్నె ఒకటి, చాప ఒకటి మాత్రం బయట ఉన్నాయి.

"దసరా నుంచీ విప్పలేదా చిన్నత్తా?"

"విప్పుదామనే అనుకున్నాను. అక్క పోయిందని కబురొచ్చాక, ఇంకెవరొస్తారులే అనుకున్నాను. కాని విప్పబుద్ధి కాలేదమ్మా. సర్దమంది కదా."

సత్యకుమారి లేచింది. లోవరాజుని అడిగి, మూడిళ్ళ అవతల ఉన్న ఎస్టీడీ బూతుకి వెళ్ళి రైసుమిల్లుకి ఫోను చేసింది. జగన్నాథరావుని పిలుచుకొచ్చేదాకా మీటరు వంక చూడకుండా సముద్రం వంక చూస్తూ నిలబడింది. ఆయన లైన్లోకి రాగానే ఏ మాట ముందు చెప్పాలో తెలియక, అన్నీ కలిపి చెప్పేసింది. అవతల కాసేపు మిల్లు చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు.

"ఏవండీ, ఉన్నారా?"

"ఉన్నాను. ఆ గదిలో ఇద్దరు పడతారంటావా?"

"పెద్దత్త పడుకుని చూసిందండి."

"ఆవిడే చూశాక ఇంక నన్నడగడమేంటి?" అన్నాడు జగన్నాథరావు.  "ఆ గదిలో మళ్ళీ పోసిన కొబ్బరికాయలు తీయించేస్తాను. దీపాల వేళకి వచ్చెయ్యండి."

తిరిగొచ్చేసరికి బుల్లెమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది, ఏం వినాల్సొస్తుందోనన్నట్టు కొంగు కొస నోట్లో పెట్టుకుని.

"పద చిన్నత్తా. మూటలు విప్పు. సంచీలో సర్దుదాం," అంది సత్యకుమారి.

"నువ్వు చెయ్యి పెట్టకమ్మా. నేను సర్దుకుంటాను," అంది బుల్లెమ్మ.

పెద్ద సంచీలో బుల్లెమ్మ సామాను పట్టింది. జిప్పు పట్టని చోట అదే పిన్నీసు. గుడ్డసంచీలో సత్యకుమారి అచ్చాయమ్మ చీరలు రెండూ, తువ్వాలూ, చెంబూ పెట్టింది. లోవరాజు పెళ్ళాం మంచినీళ్ళిచ్చింది. లోవరాజు ఒక్క మాటన్నాడు: "పిన్నిగారూ, మగ్గం చప్పుడు లేకపోతే మీకు నిద్ర పట్టదేమోనండి." బుల్లెమ్మ తల ఊపి, వెనక్కి తిరిగి నుయ్యి ఉన్న వైపు ఒకసారి చూసి, బండెక్కింది.

వ్యాను వెనక గాలి నింపిన ప్లాస్టిక్ సంచుల్లో లక్షల రొయ్యపిల్లలు. కుదుపుకి నీళ్ళు గలగలమంటున్నాయి. ముందు సీట్లో పెదబాబు పక్కన ఇద్దరు ఆడవాళ్ళు, రెండు సంచులు. "మెల్లగా పోనియ్యి బాబూ, వెనక పసిపిల్లలున్నారు" అంది బుల్లెమ్మ. వంతెన మీద ఆవిడ కళ్ళజోడు పెట్టె తెరిచి సూది చేత్తో పట్టుకుని చూసింది. దారం లేకుండానే వేళ్ళు కదిపింది. మొదట తడబడ్డాయి. పాలకొల్లు వచ్చేసరికి కాస్త కుదురుకున్నాయి.

దీపాల వేళకి ఇల్లు చేరారు. పక్కింటి గేటుకి తాళం వేసి ఉంది. జగన్నాథరావు వీధిలో నిలబడి ఉన్నాడు. బుల్లెమ్మ గడప ముందు ఆగి, కొంగు భుజం చుట్టూ కప్పుకుని, "బాబుగారూ..." అని ఏదో అనబోయింది.

"లోపలికి రండి చిన్నత్తయ్యగారూ. కుడికాలు పెట్టండి. మిగతావి తరవాత," అన్నాడాయన సంచీ అందుకుంటూ.

కొబ్బరికాయలు తీసేశారు. ఉయ్యాల బల్ల తీసేశారు. గదిలో రెండు చాపలు పరిచి ఉన్నాయి. ఒకటి ఈ గోడ పక్కన, ఒకటి ఆ గోడ పక్కన. రెండోది ఎందుకని సత్యకుమారి అడగలేదు. గుడ్డసంచీ తెచ్చి ఆ రెండో చాప తల దగ్గర పెట్టింది. కళ్ళజోడు పెట్టె వసారా గూట్లో పెట్టింది.

ఇప్పటికీ ఎవరన్నా పలకరింపుకి, "మీ అత్తగారు ఎప్పుడు పోయారమ్మా?" అంటే, గురువారం అని ఇంట్లో మిగతావాళ్ళు చెప్తారు. సత్యకుమారి ఆ మాట అనదు. తనకి తెలిసింది తను చెప్తుంది. అచ్చాయమ్మ పంతొమ్మిది వందల తొంభై ఆరు అక్టోబరు ఇరవై మూడు, బుధవారం పొద్దున్న, చెల్లెల్ని తీసుకురావడానికి బయల్దేరింది. చెల్లెలు వచ్చింది. సంచీ వచ్చింది. అచ్చాయమ్మ రాలేదు.